చుక్క తర్వాత

కాకసస్ కొండల కింద, తెలావిలో,
ఆ చలికాలమంతా కరెంటు లేదు.
బడికి తలా ఒక కట్టె పట్టుకెళ్ళేవాళ్ళం.
తేనివాడు కిటికీ పక్కన కూర్చోవాలి, అదీ రూలు.
చేతితొడుగులు తియ్యకుండానే సుద్దముక్క పట్టి
త్సియాలా టీచరు బోర్డు మీద రాసింది:
మైలుతుత్తం. మోలార్ ద్రవ్యరాశి ఎంత?

మల్ఖాజ్ లేచాడు.
మా పక్క తోటవాళ్ళ పిల్లాడే,
ఎండాకాలం నుంచీ మాకూ వాళ్ళకీ మాటల్లేవు.
రాగి అరవై మూడున్నర,
గంధకం ముప్పై రెండు,
ఆక్సిజన్ నాలుగు పదహార్లు అరవై నాలుగు,
వెరసి నూట యాభై తొమ్మిదిన్నర
అని కింద గీత గీసేసి
పొయ్యి దగ్గరికి జరగబోయాడు.

"చుక్క తర్వాత ఉన్నదాన్ని ఎవరు కూడతారు?"
"నీళ్ళెక్కడున్నాయండీ? ముట్టుకుంటే పొడిగానే ఉందిగా!"

ఆవిడ వాదించలేదు.
నీలిరాయి చిదిపి చెంచాలో వేసి
పొయ్యి మీద పట్టింది.
అంచుల నుంచి నీలం పాలిపోతూ పోతూ
చివరికి చెంచాలో పిండిలాంటి తెలుపు.
చల్లారాక, కిటికీ అద్దం మీది మంచు గోటితో గీకి
కరిగిన ఒక్క బొట్టు రాల్చింది.
చుయ్‌మంది. నీలం తిరిగొచ్చింది.

ఐదు పద్దెనిమిదులు తొంభై.
రెండువందల నలభై తొమ్మిదిన్నర.

మల్ఖాజ్ కూర్చోలేదు.
"మా తాత..." అని ఆగిపోయాడు.

రుస్తావి నుంచి ఎవరో తెచ్చిచ్చిన తెల్లపొడి బస్తా.
నీలిరాయి తూకానికే తూచి, సున్నంతో పీపాలో కలిపి
ద్రాక్షతోటంతా కొట్టాడు ముసలాయన.
మూడు రోజుల్లో ఆకులు
చుట్ట కాల్చినట్టు మాడిపోయాయి.
సున్నం మా నాన్న అమ్మింది.
"జక్రో సున్నంలో బూడిద కలిపాడు" అన్నాడు తాత,
పెళ్ళి విందులో, నలభై మంది ముందు.
నాన్న గ్లాసు బోర్లించి లేచొచ్చేశాడు.

నీళ్ళు పోయిన మందులో
రాగి ఒకటికి ఒకటిన్నర పైమాటే.
సున్నం చాల్లేదు. అంతే జరిగింది.

ఆ రాత్రి మల్ఖాజ్ మా గుమ్మంలో నిలబడి
నోట్‌బుక్కు విప్పి
లాంతరు వెలుగులో లెక్కంతా చదివాడు.
ఎనిమిదో తరగతితో చదువాపిన మనిషి మా నాన్న,
ఒక్కో వరస మీదా వేలు పెట్టుకుంటూ వచ్చి
అరవై మూడున్నర దగ్గర ఆగాడు.
"ఈ అర ఏమిట్రా? సగానికి నరికారా?"

మల్ఖాజ్‌కి తెలీదు.
నాకు తెలుసు, పొద్దున టీచర్ని అడిగాను.
తలుపు వెనక నుంచే అన్నాను:
రాగిలో రెండు రకాలు నాన్నా, తేలికది, బరువుది.
అరవై మూడున్నర తూగే పరమాణువు
ఒక్కటంటే ఒక్కటీ ఉండదు.
అన్నిటినీ కలిపి చూస్తే వచ్చే అంకె అది.

నాన్న లాంతరు వత్తి కాస్త తగ్గించాడు. కిరసనాయిలు ఖరీదు.
"ఇంత మంచులో మీ తాత నడవగలడా?"
"నడవలేడు."
"సరే" అని బూట్లు వెతుక్కున్నాడు.
నోట్‌బుక్కు మాత్రం వాడికి తిరిగివ్వలేదు.
కోటు లోపల పెట్టుకున్నాడు,
సాక్ష్యానికి.