పాత పరుపు

ఆదోనిలో ఎండ దిగే వేళకి
జిన్నింగు మిల్లు గోడ దాటి నూగు ఎగిరొచ్చి
మా అంగడి గడపలో కూర్చుంటాది.
మా నాయన మౌలాలి ఏకిన దూది
ఈ ఊళ్లో సగం వీపుల కింద ఉంది.
శెట్లూ, కురుబలూ, సయ్యదులూ...
ఏ నిద్రనీ ఆయన నీదే మతమని అడగలేదు.

నేను అడిగినాను.
ఇరవయ్యో ఏట, సైకిల్ షాపు మిద్దె మీది గదిలో
కంటికి కనపడని కత్తెర ఒకటి చేతికిచ్చినారు.
జేజి పీర్లకు కట్టే దట్టీ కత్తిరించినాను.
సదివింపుల బెల్లం కత్తిరించినాను.
ఉగాది పచ్చడి గిన్నెతో వచ్చిన పక్కింటి ఈరమ్మ పిలుపుని
గడప అవతలే కత్తిరించినాను.
ఇంట్లో తెలుగు మాట్లాడితే సిగ్గుపడినాను,
నాకు ఇంకో నాలుక లేకపోయినా.

జేజి పోయినరోజు
జనాజా చివరి వరసలో కూడా నిలబడలేదు.
దర్గా గడప మొక్కిన మనిషి కదా, అన్నాను.
వెయ్యాల్సిన మూడు పిడికిళ్ల మట్టి
ఇంకా నా చేతుల్లోనే ఉంది.

గది వదిలింది వాదనలో ఓడి కాదు.
ఒక రాత్రి రూళ్ల నోటుబుక్కు ఇచ్చి
దారి తప్పినోళ్ల ఇండ్లు రాయమన్నారు, వీధి వీధికీ.
ఎందుకంటే ఎవరూ నా కండ్లలోకి చూడలేదు.
మొదటి పేరు రాసినాను:
దూదేకుల మౌలాలి, పరుపుల అంగడి.
పెన్ను ఆగిపోయింది.
ఆ వేళకి నాయన నా అన్నం మీద మూత పెట్టి
మేలుకునే ఉంటాడు.
మెట్లు దిగినాను. చెప్పులు పైనే మర్చిపోయినాను.
ఇంతవరకూ అడగబోలేదు.

తర్వాత ఒక తెల్లారి షట్టర్ మీద నల్లరంగుతో ఒక మాట.
నాయన కిరసనాయిలు గుడ్డతో తుడిచి
టీ తాగి పనిలో కూర్చున్నాడు.

ఇంకో రకం మనుషులూ వచ్చినారు, శాలువాతో.
మైకు ముందుకొచ్చి నీ మతం ఎంత చెడ్డదో
నాలుగు మాటలు చెప్పమన్నారు.
నాయన విల్లు చూపించినాను.
ఇది గడ్డకట్టిన దూదిని కొడతాది సామీ,
కాల్చదు.
శాలువా వాళ్లతోనే ఎల్లిపోయింది.

ఇప్పుడు జుమ్మా అయినాక కమిటీ ముందు నిలబడతా.
అడిగేవి పెద్దవేమీ కాదు.
ఖుత్బా మాకు తెలిసే మాటల్లో ఒక పది నిమిషాలు.
ఆడోళ్లకి ఉత్తరం పక్క ఒక తలుపు.
మా చెల్లెలు రజియాబీకి ఫోన్లో వచ్చిన తలాఖు
చెల్లదని మసీదు ముద్రతో ఒక కాయితం.
మూడుసార్లు అడిగినా. మూడుసార్లూ
ప్రెసిడెంటు బుడన్‌సాబ్ గడియారం చూసుకున్నాడు.

శనివారం మధ్యాహ్నాలు
కుట్టని పరుపుల మధ్య చెల్లెలు, ఇంకో ఏడుగురు
అరబ్బీ పక్కన తెలుగున్న పేజీల మీద వేలు పెట్టి
కూడబలుక్కుంటా చదువుతారు.
దయ అన్న మాట దగ్గర నబీజానవ్వ ఆగుతాది.
"ఇదిన్నిసార్లుందా? మాకెవురూ చెప్పలేదే!"
ఆగిన చోట గుర్తుకి
దూదిపింజ పెడతారు.

నిన్న బుడన్‌సాబ్ రిక్షాలో పరుపు వేయించుకోని వచ్చినాడు,
వాళ్ల తాత కాలం నాటిది.
"గడ్డలు గుచ్చుకుంటా ఉండాయి రా, నిద్దరే లేదు."
పారేసి కొత్తది కుట్టియ్యనా అంటే
కోపమొచ్చింది ఆయనకి.
"పారేసేదేందిరా? ఎంత మంచి దూదో నీకేం తెలుసు!
విప్పు, దుమ్ము దులుపు, మళ్లా ఏకు."

నేను ఆయన మొకంలోకి చూసినా.
ఆయన నావైపు చూసి, నోరు తెరిచి,
మళ్లా మూసినాడు.
గడియారం మాత్రం చూసుకోలేదు.

నాలుగు వందలన్నాను.
మూడున్నర అన్నాడు.
సరే, దించమన్నాను.