ఇరవైకి ఇరవై

ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీ మేడ మీద
సూపర్‌వైజర్లం పదకొండు మందిమి.
ఏడాదికోసారి రెండు గంటలు కూర్చోవాలంట,
సంతకం పెట్టకపోతే ఓనరుకి నోటీసొచ్చిద్దని
గుమాస్తా రెండుసార్లు చెప్పాడు.

విజయవాడ నుంచి వచ్చిన పిల్ల
ప్రొజెక్టరు పెట్టేలోపే మూడుసార్లు తుమ్మింది.
మేం నవ్వాం.
"మీకు అలవాటు లేదమ్మా, మిరపకాయ ఇది"
అన్నాను నేనే, పెద్దరికంగా.
ఆమె ముక్కు తుడుచుకుని
"అలవాటైతే ఘాటు పోతుందాండీ?" అంది.
ఆ మాట తెర మీద లేదు.

చివర కాగితం. ఇరవై ప్రశ్నలు, టిక్కులు.
చినమస్తాను దగ్గర చూసి నేను రాశాను,
నా దగ్గర చూసి వాడు.
ఏడోది మాత్రం ఎవరిదీ చూడలేదు:
పని నేర్పే నెపంతో చెయ్యి పట్టుకోవడం,
తప్పా? కాదా?
పెన్ను రాయలేదు.
విదిలిస్తే రాసింది.

సమోసా, టీ, సర్టిఫికెట్టు.
తాడిబోయిన ఏడుకొండలు, ఇరవైకి ఇరవై.
ఎనిమిదో తరగతిలో రాని మార్కులు
యాభై మూడో ఏట వచ్చాయి.

కిందకి దిగుతున్నా.
షెడ్డులో నలభై మంది తొడిమలు తీస్తున్నారు,
కళ్లు తప్ప మొహమంతా గుడ్డలే.
మెట్ల మీదకి మాటలు వినపడుతున్నాయి,
ఎవరి కూతురికో నర్సింగు సీటు,
ఎవరో ఎగ్గొట్టిన చీటీ, గొల్లున నవ్వు.
ఆఖరి మెట్టు మీద నా చెప్పు కిర్రుమంది.
నవ్వు తెగింది.

ఇరవై రెండేళ్లుగా ఆ నిశ్శబ్దాన్ని
నా మీద గౌరవం అనుకున్నాను.
ఇంట్లో గొప్పగా చెప్పుకున్నాను కూడా.

సాయంత్రం తూకం.
ఏస్తేరు గంప తెచ్చింది.
గంప సర్దే వంకన
నా చెయ్యి ఎక్కడ పడిద్దో కాటాకి తెలుసు.
అది పడకముందే ఆమె
కొంగు చేతికి చుట్టుకుంది.
రోజూ చుట్టుకుంటది.
కారం మంటకి అనుకున్నా ఇన్నాళ్లూ.

రెండడుగులు వెనక్కి జరిగాను.
అంకెలు కనపడే పక్క వాళ్ల వైపు తిప్పి
"నువ్వే చూసి చెప్పు" అన్నాను.
నన్ను చూడలేదు. అంకెని చూసింది.
"పదకొండు కేజీల నాలుగొందలు."
నిన్నటిదాకా పదకొండే రాసేవాణ్ణి.
కొంగు మాత్రం విప్పలేదు.

సర్టిఫికెట్టు ఏడాదే చెల్లిద్దంట.
రాత్రి మూడుసార్లు సబ్బుతో కడిగి,
అన్నం తిని, పడుకోబోతూ
కన్ను నలుపుకున్నాక తెలిసింది,
ఈ చెయ్యి
ఎక్కడెక్కడ తిరిగొచ్చిందో.