పచ్చలైటు

కాశీబుగ్గ షెడ్డులో ఆవేళ గ్లౌజుల పంపిణీ.
బ్యానర్ మీద ఒక ఆకు, ఆకు మీద కంపెనీ పేరు.
నా పని చిన్నది:
బొటనవేలు మిషన్ మీద పెట్టించి
పచ్చలైటు వెలిగితే ఒక జత ఇవ్వడం.

తామాడ దాలమ్మకి వెలగలేదు.
కొంగుకి రుద్ది పెట్టింది, ఉమ్మి తడి చేసి పెట్టింది,
చూపుడువేలు, ఉంగరం వేలు, ఎడమచెయ్యి.
"నానే బాబూ. ఇరవైరెండేళ్ల బట్టీ ఈ సెడ్డులోనే పిక్కలు కొడతన్నాను.
నీ మిసనుకి నాను అగుపడ్నేదా?"

వేళ్లు చూశాను.
జీడి సొన తిని తిని
గీతలు పోయి, తుడిచిన పలకలా నున్నగా.

వెనక పొగగొట్టం దాని పని అది చేసుకుంటోంది.
బాయిలర్లో తొక్కలే కాలుస్తాం, బొగ్గు కొనం.
రిపోర్టులో నేనే టైపు చేశాను: వ్యర్థం సున్నా.
అబద్ధమేం కాదు.
నూనె రంగుల కంపెనీకి,
పొట్టు దాణాకి, నూక మిఠాయి కొట్లకి.
వీధిలో ఆరేసిన బట్టల మీద వాలే నుసి కూడా
ఎవరో ఒకరు ఉతుక్కుంటారు.
వేళ్ల గీతలు ఎటు పోయాయో రాయడానికి
ఆ పట్టికలో గడి లేదు.

ఫొటోకి ఒకరు తగ్గారని మేనేజర్ కేక.
దాలమ్మని నిలబెట్టి జత చేతికిచ్చాం.
క్లిక్‌మన్నాక తీసేసుకున్నాం,
మిషన్ ఒప్పుకోలేదు కదా.

సాయంత్రం లెక్క చూస్తే
పెట్టెలో ఒక జత మిగిలింది.
మిగలకూడదు.
నా బొటనవేలు పెట్టాను.

మొదటిసారికే వెలిగింది.