గురిగింజ ఎత్తు

"ఈ వయసులో మందు మొదలెట్టాడు" అని
మా మాణిక్యం పక్కింటి ఒడియా పిన్నికి చెప్పి
ఆవిడ మొహం చూసి నవ్వుకుంటుంది.
అబద్ధమేం కాదు.
సీసాలోది కాదు గానీ మందే,
ఆవగింజ కన్నా సన్నంగా, నల్లగా
డబ్బాలోంచి కాగితం మీదికి జారేది.

మేనమామ పోతూ నాకు వదిలింది రెండు గొట్టాల తుపాకీ.
దాని లైసెన్సు నా పేర రాయించుకోడానికి
పర్లాకిమిడి కచేరీ మెట్ల మీద మూడు వానాకాలాలు నానాను.
తుపాకీతో బాటు ఒక గోనెసంచి,
అందులో కాల్చేసిన ఇత్తడి తొడుగులు నలభై.
అడవిపందుల మీద ఆయనకు పగ. నాకు లేదు.
నాకు ఇత్తడి కనబడితే చెయ్యి ఊరుకోదు, అంతే.

కంసాలివాణ్ణి.
కాశీనగర్‌కి అద్దాల తలుపుల నగల కొట్టు వచ్చాక
ముక్కుపుడకలు అతికిన ఈ వేళ్లు
పగలంతా ఒళ్లో పడుకుంటున్నాయి.

నేర్పమని కూర్మనాథ పాత్రో ఇంటికెళ్లాను.
ఒకప్పుడు పోలీసు తుపాకులు బాగుచేసినవాడు.
"బీడీ బయట పారేయ్. ఇంటికాడ తగువేటైనా ఉందా?"
ఉంది, పొద్దున్నే, పాలవాడి లెక్క దగ్గర.
"అయితే అది తెంపుకొని రా. రేపు సూద్దాం."
మొదటి పాఠం అలా గుమ్మంలోనే అయిపోయింది.

తొడుగుల్ని చింతపండు పెట్టి తోమాను.
"దేవుడి కుందులు ఒక్కనాడైనా ఇలా తోమావా?" అంది మాణిక్యం.
మేడ మీద వడియాల పక్కన ఎండబెడితే
ఒకదాన్ని కాకి ఎత్తుకుపోయింది.
ముప్పై తొమ్మిది.

తాత తక్కెడ దులిపి బల్ల మీద పెట్టాను,
ఒక తట్టలో గురిగింజలు పోశాను, అలవాటు కొద్దీ.
తన నలుపు తానెరగని గింజ ఇటు,
నలుపు తప్ప మరేమీ లేని నలుసులు అటు.
గురి అనే మాట దాని పేరులోనే దాగుందని
యాభై మూడేళ్లు తూచాక తట్టింది నాకు.

పాత్రో గింజలన్నీ ఏరి నా జేబులో పోశాడు.
"గింజకీ గింజకీ తేడా ఉంటాది.
బంగారం తేడా వస్తే కొన్నోడు తిడతాడు.
ఇక్కడ తేడా వస్తే తిట్లు తినడానికి నువ్వుండవు."
మిల్లీగ్రాముల రాళ్లు కొనిపించాడు.

పదకొండో తొడుగు దగ్గర కరెంటు పోయింది.
వంశధార అవతల డబ్బాలు మోగుతున్నాయి,
ఏనుగులు చెరకులోకి దిగినట్టున్నాయి.
కిటికీ దాకా వెళ్లి చూసొచ్చాను.
దీపం వచ్చింది.
చేతిలో చిన్న గరిటె ఖాళీగా ఉంది.
పోశానా?
పోశాననే అనిపించింది.
పోయలేదనీ అనిపించింది.
తొడుగు మీద బిళ్ల మాత్రం నొక్కి ఉంది, బుద్ధిగా.

తూచితే తెలియదు.
పాత ఇత్తడి, ఒక్కో తొడుగుది ఒక్కో బరువు.
అనుమానం ఒకదాని మీద వస్తే అన్నీ విప్పాలన్నాడు పాత్రో.
విప్పాను. ఒక్కొక్కటీ,
సూదితో బిళ్ల లేపి, సీసం గుళ్లు ఒక గిన్నెలో,
మందు ఇంకో గిన్నెలో.
కోడి కూసేవేళకి దొరికింది.
పదకొండోది కాదు.
దాని లెక్క సరిగ్గానే ఉంది.
ఏ అనుమానమూ లేని నాలుగోదానిలో
రెండు పోతలు.

వెళ్లి చెప్పాను.
పాత్రో తిట్టలేదు.
వినపడని ఎడమ చెవి నా వైపు తిప్పి
దాని వెనక పాత మచ్చ చూపించాడు,
మళ్లీ టీ ఊదుకుంటూ కూర్చున్నాడు.

ఆదివారం క్లబ్బు మైదానం.
మట్టిదిబ్బ ముందు పగుళ్లేసిన కుండ.
భుజం మీద తట్టిన దెబ్బ, పొగ, గంధకం వాసన,
దీపావళి మర్నాటి వీధి గుర్తొచ్చింది.
"తగిలిందా మావా?" అని అరిచాడు మేనల్లుడు జోగారావు.
నేనింకా అటు చూడలేదు.
తుపాకీ వంచి, వేడి తొడుగు అరచేతిలోకి తీసి
మూతి దగ్గర సన్నటి చీలిక ఏమైనా ఉందా అని
ఎండకు పెట్టి తిప్పుతున్నాను.
లేదు.
ఇది ఇంకోసారి పనికొస్తుంది.