బొటనవేలంత దూరం

మార్కాపురంలో, కంభం రోడ్డు మీద మా కొట్టు.
తూకానికి కొన్న ఎనిమిది పలకలు
బల్ల కింద అట్టపెట్టెలో పడున్నాయి.
ఎవరో దేనికో సర్వేకి వాడి వదిలేసినవి,
వీపున తెల్లరంగుతో నంబర్లు,
పక్కన నల్లదారంతో కట్టిన పెన్ను.
వేలితో ఎంత తట్టినా ఉలకవు.
పెన్నుకైతేనే పలుకుతాయి.

ఏడింటిని విప్పదీసి ఒకదాన్ని నిలబెట్టాను.
ఉబ్బిపోయిన బ్యాటరీ తీసి పారేశాను,
వైరు ఊడిందా, ఇప్పుడది వట్టి అద్దం.
లోపల పాత విండోసు
ఎవరిదో పాస్‌వర్డు ఇంకా అడుగుతానే ఉంది.
చెరిపేశాను.
ఉమ్ముతో అరచెయ్యేసి తుడిచినట్టు కాదు,
నలభై నిమిషాలు పట్టింది.

మూడో రాత్రి లినక్సు ఎక్కింది.
నల్లని తెర మీద తెల్లని వరసలు
ఒకదాని వెనక ఒకటి జారిపోతుండగా
కరెంటు పోయింది.
మళ్ళీ మొదటి నుంచి.

పెన్ను మాత్రం దారికి రాలేదు.
అప్పులాయన వాకిట్లో ఉంటే
ఇంట్లోనే ఉండి పలకని మనిషిలాగా
ఏ సీరియల్ పోర్టులో నక్కిందో.
ఒక్కో నంబరూ మార్చి పిలిచాను.
తెల్లవారుజామున పలికింది సరే,
తెరను నిలువుగా తిప్పితే
తానింకా అడ్డంగానే ఉన్నాననుకుంది:
పైకి గీస్తే పక్కకు పోయింది.
ఆ లెక్క సరిచేసేసరికి
ఎదురుగా టీకొట్టు తెరిచారు.

సెల్లు చార్జరు కోసం రాహేలమ్మ వచ్చింది.
ఇరవై రెండేళ్ళు పలకల ఫ్యాక్టరీలో చెకింగు.
ప్రతి పలక మీదా బలపంతో ఒక్కటే గీత,
కీచుమంటే అవతలకి, మెత్తగా జారితే కట్టలోకి.
ఫ్యాక్టరీ మూసేశారు గానీ
ఆ పొడి ఆమెను వదల్లేదు,
మూడు మాటలకొక దగ్గు.

"ఏందబ్బయ్యా ఇది, చట్రం లేని పలక?"
బలపం పట్టినట్టే పట్టింది పెన్ను, మొనకు దగ్గరగా.
తల కాస్త పక్కకు వాల్చి
గీసింది.
గీత పడింది,
ఆమె పెట్టిన చోట కాదు,
బొటనవేలంత దూరంలో.

"గీత బానే ఉంది. పలకే వాలింది."

నాలుగు మూలలా నాలుగు గుర్తులు తెప్పించి
ఒక్కోటీ తాకమన్నాను.
దగ్గొచ్చినప్పుడు పెన్ను పైకెత్తి,
తగ్గాక మళ్ళీ అక్కడే ఆనించి
తాకింది.
ఆ చేతి వాలు అంకెలై
ఒక ఫైల్లో రాసుకుంది యంత్రం.

ఈసారి గీత మొన కిందే వచ్చింది.
ఆమె వంగి చెవి దగ్గర పెట్టింది.
"చప్పుడే లేదే."
"ఉండదమ్మా."
"మరి మంచిదో కాదో ఎట్టా తెలుస్తది?"

చార్జరు ఎనభై. అరవై ఇచ్చి పోయింది.

గీత తెర మీద అట్టాగే ఉంది.
దాచమంటే పేరడిగింది.
రాహేలమ్మ అని తెలుగులో కొట్టాను.
అక్షరాల బదులు వరసగా ఖాళీ గళ్ళు వచ్చాయి,
చట్రాలతో సహా.

ఫాంటు రేపు ఎక్కించాలి.