పైకప్పు లేని బండికి దీపమెక్కడ

విశాఖలో రొయ్యల కంపెనీ వాళ్ళింటి వెనక
టార్పాలిన్ కింద పడున్న పాత బెంజిని
ఆరు లక్షల పాతిక వేలకి కొనీసేను.
గుడ్డ టాపు. బొత్తాం నొక్కితే
ముసలాయన చొక్కా విప్పుకున్నట్టు
ఆగి, మూలిగి, మళ్ళీ ఆగి
వెనక్కి మడతపడుతుంది.

"పెళ్ళిళ్ళకి అద్దెకి తిప్పుతావేటి?"
అంబటిసత్రం దగ్గర టీ కాడ అందరిదీ ఒకటే మాట.
నలభయ్యేళ్ళు లైట్లూ మైకులూ అద్దెకిచ్చినోడు
ఒక్క వస్తువు తన కోసం ఉంచుకుంటానంటే
ఎవడు నమ్ముతాడు?
నవ్వీసి ఊరుకున్నాను.

ఇంజను బాగుంది. సీట్లు కాస్త చిట్లేయి, పరవాలేదు.
లోపలి దీపంతోటే వచ్చింది పేచీ.
తలుపు తీస్తే వెలగదు,
మూస్తే వెలుగుతుంది.
రాత్రంతా షెడ్డులో
రేపు పరీక్షన్నట్టు మేలుకుని
తెల్లారేసరికి బ్యాటరీ మొత్తం తాగీసి
చల్లగా పడుకుంటుంది బండి.

మూడు లాంతర్ల దగ్గర తవిటినాయుడి షాపు.
తల డాష్‌బోర్డు కింద, కాళ్ళు రోడ్డు మీద పెట్టి
లోపల్నుంచే మాటాడేవాడు:
"ఏ ఇంటికైనా నడిమింట్లో ఏలాడతాది కదండీ బల్బు,
దీనికి నడిమిల్లే నేదు!
పైకప్పు నేని బండికి దీపం ఎక్కడెడతారండీ?"

వెతగ్గా వెతగ్గా దొరికేయి.
అద్దం కింద రెండు, తలుపుల అడుగున చెరొకటి,
కాళ్ళు పెట్టే పల్లంలో మరో రెండు.
వాటి మీద ఎవడో నీలం పట్టీలు అంటించీసేడు,
మందుల షాపు ఫ్రిజ్జులా ఉంది లోపలంతా.
"ఏడు రంగులు మారేది ఏసీమంటారా,
పాటకి తగ్గట్టు ఆడతాది"
అన్నాడు పని నేర్చుకుంటున్న గుంటడు.
వద్దన్నాను. పసుపే కావాలి.
రెండు కొసలా టోపీలున్న, యాలక్కాయంత పాత బల్బు.
దాని కోసం బొబ్బిలి దాకా వెళ్ళొచ్చేను.

ఎందుకో వాడికి చెప్పలేదు.
పన్నెండేళ్ళ వయసులో పెట్రోమాక్సు నెత్తికెత్తుకుని
కోట దగ్గర్నుంచి గంటస్తంభం దాకా నడిచేవాణ్ణి,
చుట్టకుదురు కింద మాడు మాడిపోతూ.
రాత్రికి రెండు రూపాయలు, ఒక లడ్డూ.
వెనక టాపు లేని కారు, అందులో పెళ్ళికూతురు.
వెనక్కి తిరిగితే మేస్త్రీ పిక్కల మీద కొట్టేవాడు,
దీపం ఊగిపోతాదని.
ఊరంతా ఆ పిల్ల మొహం నా వెలుగులోనే చూసింది.
నేను చూసిందల్లా
ముందున్న గోతులు, పేడ.

ఎనిమిదో రోజుకి తెలిసింది, తప్పు బల్బుది కాదని.
నీలం పట్టీలేసిన మహానుభావుడు
తలుపు స్విచ్చి తీగ తిరగేసి కట్టేడు.
ఆ పైన ఉప్పుగాలికి చిలుం.
తవిటినాయుడు బ్లేడుతో గీకి, ఊది,
మళ్ళీ గీకి, మళ్ళీ ఊది
"ఇంక తియ్యండి తలుపు" అన్నాడు.

ఆ రాత్రి మా వీధిలో కరెంటు లేదు.
పారమ్మ తలుపు తీసింది.
కాళ్ళ దగ్గర్నుంచి వచ్చింది వెలుగు,
నెయ్యి కరుగుతున్నట్టు.
ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆపింది.
"ఏటయింది?"
"దీపం మీద కాలెట్టీనట్టుంది."
చెప్పులు విడిచి ఎక్కింది.

తలుపు మూసేక
ఈ బండి దీపం వెంటనే ఆరదు.
కాసేపు నిలబడి, మనం సర్దుకున్నామో లేదో చూసి
మెల్లిగా సెలవు తీసుకుంటుంది.
ఆ కాసేపూ నేను పక్కకి తిరిగేను.
ముప్ఫయ్యేళ్ళుగా చూస్తున్న మొహమే.
ముక్కుపుడక పక్కన చిన్న మచ్చ,
అదెప్పుడొచ్చిందో నాకు తెలీదు.
కొట్టడానికి మేస్త్రీ లేడు.
ఆరేదాకా చూసేను.

చింతలవలస దాటేక గానీ గుర్తు రాలేదు,
చెప్పులు షెడ్డులోనే ఉండిపోయేయని.