ఏ ఊరు?

మా నాయనది కల్యాణకట్టలో కత్తి పని.
రేణిగుంట రోడ్డులో మా వంటింటి గోడకు అవతల
సుజాన్ సింగు లారీ పట్టీల షెడ్డు.
మద్రాసుకు పోతా పోతా ఇరుసు విరిగి
వారం ఉందామని దిగినాడంట.
ఇరుసు వచ్చింది. లారీ పోయింది.
ఆయన ఉండిపోయినాడు.
ఏడాదికి కర్నాల్ క్యాంపు నుంచి
పెండ్లాం వీరాంవాలిని, తల్లిని పిలిపించుకున్నాడు.

తిరుపతిలో ఆయన్ని అందరూ అడిగేది ఒకటే:
"ఇంత జుట్టు ఎవురికి మొక్కుకున్నావు సామీ?
కొండకు ఎప్పుడు పోతావు?"
ఆయన నవ్వి సుత్తి ఎత్తేవాడు.
ఎర్రగా కాలిన పట్టీ మీద
సుత్తితో పాటు ఆ నవ్వూ పడేది.

వాళ్లింటికి పోయే ముందు నాయన
కత్తుల పొదిని చూరులో చెక్కేవాడు.
అట్లా చెయ్యమని ఎవరూ చెప్పలేదు.
చేతులు రెండుసార్లు కడిగేవాడు,
గోళ్ల సందున ఎవరిదో వెంట్రుక ఉంటుందేమోనని.

సింగు తల్లిని బేబే అనేవాళ్లం.
స్టేషనుకు పోయే బస్సుల కోసం అరుగు మీద కాచుకునేది.
కిటికీల్లో నున్నటి తలలు,
గంధం పూసిన తలలు,
చంకలో నిద్రపోయే పసిగుడ్డు తల.
చూపుడువేలితో గాలిని పొడుస్తా లెక్కపెట్టేది.
ఆమెకు ఇరవై దాకానే వచ్చు.
పైన నేను తెలుగులో అందించేవాణ్ణి,
ఇరవై ఒకటి, ఇరవై రెండు...
నాకది ఆట.
తప్పు చెప్తే కూడా ఆమె తల ఊపేది.

ఒక రాత్రి వానకు రేకులు మోగతా ఉంటే
సుజాన్ సింగు నాయనకు చెప్పినాడు.
నిద్రపోయినట్టు పడుకొని విన్నాను.
వచ్చీరాని తెలుగు,
గొలుసు ఊడిన సైకిలు మాదిరి
తొక్కతా ఉంటాడు, బండి కదలదు.

దేశం రెండైన ఏడు.
లాయల్‌పూర్ దగ్గర కాలవల పల్లె.
దూడను విడవను కూడా ఆగకుండా లేచి పోయినారు.
మైళ్లకు మైళ్లు ఎడ్లబండ్ల వరస,
రావి మీద బల్లోకి వంతెనకు ఇంకా ఒక దినం నడక.
అక్కడ చూసుకుంటే
వెనక బండిలో చెల్లెలు లేదు.
వెతకను వెనక్కి పోవాల.
తలపాగాతో పోతే చంపుతారు.
తమ్ముడు మెహతాబుకు పదారేళ్లు,
నేను పోతానన్నాడు.
గొర్రెబొచ్చు తీసే కత్తెరతో
తల్లే కోసింది.
చెయ్యి వణికి రెండు చోట్ల గాటు పడిందంట.
వాడు అద్దం అడిగినాడంట.
అద్దం యాడుంది?
కాలవ నీళ్లలో చూసుకోని నవ్వి
వచ్చిన దోవనే నడిచినాడు.

అంతే చెప్పినాడు.
నాయన ఏమీ అనలేదు.
వాన నిలిచినాక కూడా ఇద్దరూ
చూరు నీళ్లు వింటా కూర్చునే ఉన్నారు.

కొన్నాళ్లకు బేబే
గోడ దగ్గర నాయనను ఆపింది.
చున్నీ కొసన ముడి చూపించింది, విప్పలేదు.
అందులో ఏముందో నాయన అడగలేదు.
చేతిలో ఆనించుకుంటే
జుట్టు బరువు ఆయనకు తెలుస్తుంది.

"నువ్వు రోజూ కోస్తావు కదా.
కోయించుకున్నోళ్లు ఇంటికి పోతారా?"
"పోతారమ్మా."
"అందరూ?"

వేల తలలు గీసిన మనిషి.
ఒక్క ముఖమూ గుర్తుండదని ఆయనే అనేవాడు.
"అందరూ పోతారు. బస్సెక్కి పోతారు.
వాకిట్లో పిల్లోళ్లు గుర్తుపట్టక ఏడిస్తే
నేనేరా, అని నవ్వుతారు."

ఆ తరవాత నాయనకు ఒక అలవాటు పట్టుకుంది.
తల గీసి, తడిగుడ్డతో తుడిచి,
"ఏ ఊరు?" అని అడిగేవాడు.
వరసలో వెనకున్నోళ్లు విసుక్కునేవాళ్లంట.
పనయ్యి ఇంటికొచ్చి
చొక్కా అయినా విప్పకుండా
గోడ మీంచి బేబేకు అప్పజెప్పేవాడు.
జమ్మలమడుగు. సేలం. హోసూరు.
గుల్బర్గా పక్కన ఏదో పల్లె, పేరు నోరు తిరగలేదు.
ఒక్కో ఊరికి ఆమె ఊ కొట్టేది.

ఆఖరి ఊరు అయిపోయేది.
నాయన కాళ్లు కడుక్కోను లోపలికి పోయేవాడు.
బేబే గోడ పట్టుకోని
ఇంకొంచేపు నిలబడి ఉండేది.